ఒలింపిక్ ద్వీపకల్పం చుట్టూ ఐదు రోజులు: గుడారం, కయాక్, సముద్రం – సలహాలు కావాలి

బోథెల్ కొత్తకాపు · ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. మేము వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ దగ్గరున్న బోథెల్‌కు వచ్చి రెండేళ్లయింది. ఆగస్టు రెండో వారంలో ఒలింపిక్ ద్వీపకల్పాన్ని 101 రహదారి మీదుగా కారులో చుట్టి రావాలని అనుకుంటున్నాము. నేను, నా భార్య, పదకొండేళ్ల అబ్బాయి, ఆరేళ్ల పాప, ఆ సమయానికి తణుకు నుంచి వచ్చి ఉండే మా అమ్మ, మొత్తం ఐదుగురం. హోటళ్లు వద్దు, గుడారాల్లోనే ఉండాలని పిల్లల పట్టు. గాలి నింపుకొనే కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఒకటి కొందామా, లేక అక్కడే అద్దెకు తీసుకుందామా అన్నది తేలలేదు. నేను వేసుకున్న ప్రణాళికలో మొదటి రాత్రి లేక్ క్రెసెంట్, రెండో రాత్రి లేక్ ఒజెట్, మూడో రాత్రి హో అడవి, నాలుగో రాత్రి సముద్రతీరం ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కానీ ఉత్సాహం మా అందరికంటే ఎక్కువ. ఇందులో తప్పులు ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

గోదారిగట్టు · ఫిబ్రవరి 9

కొత్తకాపు గారూ, మొహమాటం వద్దన్నారు కనుక మొదటి తప్పుతోనే మొదలుపెడతాను. ఐదుగురి సామానుతో రోజుకో చోట గుడారం వేసి పీకడం అంటే, ప్రతి ఉదయం రెండు గంటలు, ప్రతి సాయంత్రం రెండు గంటలు మేకులకూ తాళ్లకూ సమర్పించుకోవడమే. మేము మొదటిసారి వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే చేశాము. ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్న దృశ్యం తడిసిన గుడారాన్ని సంచిలోకి కుక్కుతున్న నా రెండు చేతులు. అందుచేత రెండే బసలు పెట్టుకోండి. రెండు రాత్రులు లేక్ క్రెసెంట్ పడమటి కొసన ఉన్న ఫెయిర్‌హోమ్ క్యాంప్‌గ్రౌండ్‌లో, రెండు రాత్రులు తీరాన క్లేలాక్‌లో. హో అడవిని దారిలో చూసుకోవచ్చు. ఈ రెండింటికీ ఆరు నెలల ముందు నుంచే ఆన్‌లైన్‌లో బుకింగులు తెరుస్తారు. మీకు కావలసిన తేదీలు ఈ వారంలోనే తెరుచుకుంటాయి. క్లేలాక్ అంటే సముద్రానికి ఎదురుగా గట్టు మీద ఉన్న స్థలం కనుక, ఉదయం ఏడు గంటలకే కంప్యూటర్ ముందు కూర్చోకపోతే దక్కదు.

బోథెల్ నుంచి మీకు దగ్గరైన దారి ఎడ్మండ్స్–కింగ్‌స్టన్ ఫెర్రీ. అరగంట ప్రయాణం. శుక్రవారం సాయంత్రం మాత్రం ఆ వరుసలో నిలబడవద్దు, తెల్లవారుజామున వెళ్లండి. తరువాత హుడ్ కెనాల్ మీద నీటిపై తేలే వంతెన వస్తుంది. 1979 ఫిబ్రవరిలో వచ్చిన గాలివానకు దాని పడమటి భాగం మునిగిపోతే, 1982లో తిరిగి తెరిచారు. నౌకలు వచ్చినప్పుడు వంతెన మధ్య భాగం తెరుచుకుంటుంది, కార్లన్నీ ఆగిపోతాయి. మాకు ఒకసారి అలా జలాంతర్గామి దాటుతూ కనిపించింది. మా అబ్బాయి ఆ ప్రయాణం మొత్తం దాని గురించే మాట్లాడాడు, మేము చూపించిన కొండలను పట్టించుకోనే లేదు.

మొదటి రోజు మధ్యాహ్నానికి పోర్ట్ ఏంజెలెస్ చేరి, అక్కడి నుంచి హరికేన్ రిడ్జ్‌కు ఎక్కండి. సముద్రమట్టం దగ్గర మొదలై పదిహేడు మైళ్లలో 5,242 అడుగుల ఎత్తుకు చేరే రోడ్డు అది. పైన ఉన్న విశ్రాంతి భవనం 2023 మే నెలలో కాలిపోయింది కనుక, తాగే నీళ్లూ తిండీ కింది నుంచే తీసుకువెళ్లండి. ఎండ కాస్తున్నా అందరికీ స్వెటర్లు ఉండాలి. అక్కడి పచ్చికలో బొరియల దగ్గర నిలబడి ఈల వేసినట్టు అరిచే, పెద్ద ఉడుతల్లాంటి మార్మట్లు ఈ ద్వీపకల్పంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండవు. కారు ఆపే చోటు నుంచే కొండల వరుస అంతా కనిపిస్తుంది కాబట్టి, అమ్మగారు నడవలేకపోయినా ఏమీ కోల్పోరు.

తెడ్డుగరిటె · ఫిబ్రవరి 10

గోదారిగట్టు గారు చెప్పిన రెండు బసల మాటకు నా ఓటు కూడా వేస్తూ, కయాక్ సంగతి నేను చెబుతాను.

లేక్ క్రెసెంట్ నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, తెడ్డు వేస్తుంటే దాని నీడ అడుగున ఉన్న రాళ్ల మీద కదలడం కనిపిస్తుంది. ఆ నీటిలో నత్రజని చాలా తక్కువ కనుక నాచు మొక్కలు పెరగవు, అదే ఆ తేటదనానికి కారణం. అయితే ఆ తేటదనమే మనిషిని మోసం చేస్తుంది. ఒడ్డు నుంచి నాలుగు బారలు వెళ్లేసరికి అడుగు మాయమై నీలం మాత్రమే మిగులుతుంది. ఆ సరస్సు లోతు 624 అడుగులు. మంచు కరిగిన నీరు దిగే చోటు కాబట్టి, ఆగస్టులో పైపొర కాస్త వెచ్చబడినా కింద చల్లగానే ఉంటుంది.

నాలుగేళ్ల కిందట జూన్ నెలలో నేనూ నా భార్యా బార్న్స్ పాయింట్ దగ్గర ఇద్దరు కూర్చునే కయాక్ ఎక్కాము. ఉదయం సరస్సు అద్దంలా ఉంది. అవతలి గట్టున, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం స్ప్రూస్ కలప తరలించడానికి వేసి, యుద్ధం ముగిసిపోవడంతో ఆ పనికి వాడకుండానే మిగిలిన రైలు మార్గం ఉంది. ఇప్పుడది నడకదారి. దాని దగ్గర ఉండే నీటి గుండం చూసి, అక్కడే ఇడ్లీలు తిని, కాసేపు కునుకు తీసి, రెండు గంటలకు తిరుగు ప్రయాణం పెట్టుకున్నాము. తప్పంతా ఆ కునుకులోనే ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి రెండు కొండల మధ్య సందులో నుంచి పడమటి గాలి దిగుతుంది. సరస్సు మధ్యలో తెల్లటి నురగలు లేచాయి. ఒడ్డు ఇంకా అరవై గజాలు ఉందనగా పక్క నుంచి వచ్చిన అల మమ్మల్ని తిరగేసింది.

లైఫ్ జాకెట్లు వేసుకొని ఉన్నాము కనుక ఈ రోజు ఇది రాస్తున్నాను. నీళ్లలో పడిన క్షణం నాకు గుర్తున్నది చలి కాదు, ఊపిరి నా మాట వినకపోవడం. అరవాలనుకున్నాను, గొంతులోంచి ఎగశ్వాస తప్ప మాట రాలేదు. తరువాత తెలిసింది, దీనికి ఇక్కడి వాళ్లు ఒకటి–పది–ఒకటి అని గుర్తు పెట్టుకుంటారట: చన్నీటిలో పడినవాడికి ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు పనిచేసే వ్యవధి సుమారు పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. ఈత వచ్చా రాదా అన్న ప్రశ్నకు అక్కడ పెద్దగా విలువ లేదు. గోదావరిలో ఈదిన వాళ్లం కదా అన్న ధీమా నాకూ ఉండేది.

కనుక నా సలహా ఇది. ఉదయం ఏడు నుంచి పదకొండు లోపే నీటి మీద ఉండండి. సరస్సును అడ్డంగా దాటవద్దు, ఒడ్డు వెంబడే తెడ్డు వేయండి. పంతొమ్మిది అడుగుల లోపు పడవల్లో పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకొని తీరాలని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం. కయాక్ కూడా పడవ కిందే లెక్క. పెద్దలకు జాకెట్ పడవలో ఉంటే చాలునని ఆ చట్టం అంటుంది, నేను మాత్రం చాలదని అంటాను. మీ ఇద్దరు పిల్లలకూ వారి బరువుకు సరిపోయే జాకెట్లు ఇంటి దగ్గరే కొని, ఒకసారి ఈతకొలనులో వేసి చూడండి. భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగినప్పుడు చెవుల దాకా వచ్చేస్తే అది వదులు.

గాలి కయాక్ కొనవద్దని నేను అనను. తేలికగా ఉంటుంది, కారు మీద కట్టే పని లేదు. కానీ నీటిలో కంటే గాలిలో ఎక్కువ భాగం ఉంటుంది కనుక, గాలి ఎటు వీస్తే అటు పోతుంది. పైగా వేరే చెరువులో వాడిన కయాక్‌ను పూర్తిగా కడిగి, నీళ్లు వంపి, ఎండబెట్టాకే ఈ సరస్సులో దించాలి. ఒక నీటిలోని మొక్కలూ ఆలిచిప్పలూ ఇంకో నీటికి చేరకుండా చూడడం ఇక్కడ ఆషామాషీ నియమం కాదు. ఫెయిర్‌హోమ్ దగ్గరే అద్దెకు దొరుకుతాయి. మొదటిసారికి అద్దె చాలు.

బోథెల్ కొత్తకాపు · ఫిబ్రవరి 10

తెడ్డుగరిటె గారూ, మీ అనుభవం చదివి నా భార్య కయాక్ ఆలోచనే మానుకుందామంది. ఉదయం వేళ, ఒడ్డు వెంబడి అన్న షరతు మీద ఒప్పుకుంది. ఫెయిర్‌హోమ్, క్లేలాక్ రెండూ దొరికాయి. క్లేలాక్‌లో మాత్రం సముద్రం కనిపించే వరుస కాకుండా రెండో వరుస దొరికింది. ఇంకో రెండు ప్రశ్నలు. తీరం దగ్గర సముద్రంలో కయాక్ వేయవచ్చా? అమ్మ ఆవకాయ, గోంగూర పచ్చడి లేకుండా కదలదు. ఎలుగుబంట్ల ప్రాంతంలో వీటిని ఎలా దాచాలి?

పోటుపాటు · ఫిబ్రవరి 11

మొదటి ప్రశ్నకు ఒకే మాట: వేయవద్దు. పసిఫిక్ తీరంలో ఆ భాగం నేర్చుకొనేవారి కోసం కాదు. వేసవిలో కూడా నీరు 55 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గరే ఉంటుంది, అలలు నేరుగా జపాన్ వైపు నుంచి వస్తాయి, నీటి అడుగున బండలు ఉంటాయి. ఆ సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడాలి.

చూడడానికి కూడా ఒక చదువు కావాలి, అది ఆటుపోట్ల పట్టిక. మన విశాఖ, కాకినాడ తీరాల్లో పోటు ఎక్కినా ఒకటి రెండు మీటర్లకు మించదు కనుక, మనలో చాలామంది దాన్ని జాలర్ల వ్యవహారం అనుకుంటారు. ఇక్కడ తేడా ఎనిమిది అడుగులు దాటే రోజులు మామూలే. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, అందులోనూ రెండూ సమానంగా ఉండవు. ఆ తీరంలోని లా పుష్ ఊరి కోసం ప్రభుత్వం ప్రకటించే పట్టిక తీసుకోండి. అందులో వేసవి సమయం (వేసవిలో గడియారాలను గంట ముందుకు జరపడం) కలిపి ఇచ్చారో లేదో చూడడం మరిచిపోకండి. ఒక గంట తప్పు లెక్క వేసుకొని ఇసుకతిన్నె మీద చిక్కుకున్న వాళ్లను నేను చూశాను.

రియాల్టో బీచ్ దగ్గర కారు ఆపి ఉత్తరానికి ఒకటిన్నర మైలు నడిస్తే, అలలు తొలిచిన కొండరంధ్రం ఒకటి ఉంటుంది. బాగా ఆటు ఉన్నప్పుడు దాని గుండా అవతలకు వెళ్లవచ్చు. చుట్టూ గుంటల్లో ఊదా, నారింజ రంగు నక్షత్ర చేపలూ, తాకితే ముడుచుకొనే పచ్చటి సముద్రపుష్పాలూ ఉంటాయి. పాపకు చూపించండి, పీకనివ్వకండి. వేసవిలో పెద్ద ఆటు ఎక్కువగా ఉదయం పూటే వస్తుంది కనుక, ఆ రోజు త్వరగా లేవాలి. ఆ ఒకటిన్నర మైలు మెత్తటి ఇసుక కాదు, గులకరాళ్లు. అమ్మగారి మోకాళ్లకు మంచిది కాదు. కారు దిగిన చోటే ఏనుగుల్లాంటి దుంగలు కొట్టుకొచ్చి పడి ఉంటాయి. ఎండిన దుంగ చూసి కూర్చోవచ్చు కానీ, నీళ్లు తాకే దూరంలో ఉన్న దుంగ మీదకు పిల్లలను ఎక్కనివ్వవద్దు. ఒక్క అల చాలు, టన్నుల బరువున్న దుంగ దొర్లుతుంది. అలా ప్రాణాలు పోతాయని అక్కడ బోర్డులు ఊరికే పెట్టలేదు.

నాచుబండ · ఫిబ్రవరి 12

రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే మా కుటుంబం ఆవకాయ విషయంలో ఓడిపోయి నేర్చుకున్నది.

మీరు ఉండబోయేవి కారు పక్కనే గుడారం వేసే క్యాంప్‌గ్రౌండ్లు కనుక, తిండి సామానంతా మూసి ఉన్న కారులో ఉంచితే చాలు. బల్ల మీద ఏమీ వదలకూడదు. టూత్‌పేస్టు, సబ్బు, పిల్లల చాక్లెట్లు, కొబ్బరినూనె కూడా తిండి కిందే లెక్క. తీరంలో అడవి దారుల్లో నడిచి రాత్రి బస చేసేవారికి మాత్రం గట్టి మూత ఉన్న ఎలుగు డబ్బా తప్పనిసరి. విచిత్రం ఏమిటంటే, అక్కడ ఆ నియమం ఎలుగుబంట్ల కంటే రకూన్ల వల్ల ఎక్కువ అవసరం. దొంగ ముసుగు వేసుకున్నట్టు ఉండే ఆ జంతువు జిప్పులు తీయగలదు. మేము రాత్రి కడగకుండా వదిలేసిన పోపు గరిట కోసం రెండు రకూన్లు కొట్టుకున్నాయి. తెల్లవారి గరిట పొదల్లో దొరికింది, ఆవకాయ చిన్న సీసా మాత్రం మూత ఒక చోట, గాజు ఒక చోట.

ఇంగువ పోపు అక్కడ పెట్టకండి. ఇంటి దగ్గరే పులిహోర పులుసు చేసుకొని, ఉప్మా రవ్వలో పోపు కలిపి వేయించుకొని వెళ్లండి. అక్కడ వేడినీళ్లు, అన్నం తప్ప వేరే వంట అవసరం ఉండదు. పచ్చళ్లు చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి.

హో అడవి గురించి ఎవరూ చెప్పలేదు కనుక నాలుగు మాటలు. మన కోస్తాలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, హో లోయలో దాదాపు 3,500 మిల్లీమీటర్లు పడుతుంది. అదే ద్వీపకల్పంలో కొండలకు అవతల, మీరు మొదటి రోజు దాటే స్క్విమ్ ఊరిలో 400 మాత్రమే. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు పడమటి వాలులోనే బరువు దించుకొని, ఒలింపస్ శిఖరాలు దాటేసరికి వట్టిపోతాయి. ఒకే రోజులో ఎండిన గడ్డి పొలాలనూ, మేపుల్ కొమ్మల నుంచి గడ్డాల్లా వేలాడే నాచునూ చూస్తుంటే, భూగోళ పాఠం చదువుతున్నట్టు ఉంటుంది. హాల్ ఆఫ్ మోసెస్ అనే చుట్టుదారి ఒక మైలు కంటే తక్కువే, అమ్మగారు మెల్లగా నడవగలరు. అక్కడ నేల కూలిన మహావృక్షాల మీద కొత్త మొక్కలు వరుసగా మొలుస్తాయి. వందల ఏళ్ల తరువాత కింది దుంగ కుళ్లిపోతే, పైచెట్లు వేళ్ల మీద లేచి, కాళ్ల కింద సొరంగంతో నిలబడి ఉంటాయి. పిల్లలు ఆ సందుల్లో దూరకుండా ఉండరు. ఉదయం తొమ్మిది లోపు చేరకపోతే పార్కింగ్ నిండి, కార్లను గేటు దగ్గరే ఆపేస్తారు. 2024 డిసెంబరులో నది ఆ రోడ్డును కోసివేస్తే 2025 మేలో తెరిచారు. కాబట్టి బయలుదేరే ముందు రోజు పార్కు వారి రోడ్ల సమాచారం చూసుకోండి.

మంచుమేడ · ఫిబ్రవరి 12

అందరూ కలిసి లేక్ ఒజెట్‌ను ప్రణాళిక నుంచి తీసివేయించారు, నాకు అది నచ్చలేదు. ఆ సరస్సు నుంచి తీరానికి మూడు మైళ్ల చెక్కదారి ఉంది. ఆ దారి చేరే కేప్ అలావా దగ్గరే, వందల ఏళ్ల కిందట బురద చరియ కింద కప్పబడిపోయిన మకా జాతివారి గ్రామం బయటపడింది. 1970 నుంచి పదకొండేళ్లు తవ్వితే యాభై ఐదు వేల వస్తువులు దొరికాయి. బుట్టలు, చాపలు, తిమింగలాల వేట ఈటెలు చెక్కుచెదరకుండా నియా బే మ్యూజియంలో ఉన్నాయి. ఇది మానుకొని నాచు చూడడం ఏమిటి?

గోదారిగట్టు · ఫిబ్రవరి 13

మంచుమేడ గారూ, మీ మాట కాదనను. ఆ మ్యూజియం ఈ ద్వీపకల్పంలో నాకు కూడా అన్నిటికంటే ఇష్టమైన చోటు. అయితే 101 వదిలి అక్కడికి వెళ్లి రావడానికే ఒక పూట పోతుంది, ఆ మూడు మైళ్ల చెక్కదారి వానకు జారుతుంది, పైగా ఒజెట్ సరస్సు మీద కూడా మధ్యాహ్నపు గాలి క్రెసెంట్‌కు తీసిపోదు. ఆరేళ్ల పాపతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో ఇది వేరే ప్రయాణం. ఐదో రోజు తిరుగుదారిలో క్వినాల్ట్ సరస్సు దగ్గర ఆగితే వీరికి ఎక్కువ సుఖం. ఆ సరస్సు క్వినాల్ట్ జాతివారి సొంతం, దాని మీద నియమాలు వారివే, అడిగి దిగాలి.

బోథెల్ కొత్తకాపు · ఆగస్టు 18

నిన్న రాత్రి తిరిగి వచ్చాము. మీరందరూ అంత ఓపికగా రాశారు కనుక ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

హరికేన్ రిడ్జ్ మీద మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. అరగంట కారులో కూర్చున్నాక తెర ఒక్కసారి చిరిగినట్టై, మంచుకొండల వరుస ఐదు నిమిషాలు కనిపించి మళ్లీ మూసుకుపోయింది. అమ్మ ఆ ఐదు నిమిషాలూ చేతులు జోడించే ఉంది.

ఫెయిర్‌హోమ్‌లో రెండో రోజు ఉదయం ఏడున్నరకే నీటిలో దిగాము. అబ్బాయీ నేనూ ఒక కయాక్‌లో, నా భార్యా పాపా ఇంకోదానిలో. అమ్మ ఒడ్డున కుర్చీలో కూర్చుంటానని ముందు అన్నది. పది నిమిషాలు మమ్మల్ని చూశాక, పంజాబీ డ్రెస్ మీద లైఫ్ జాకెట్ బిగించమని అడిగింది. అబ్బాయిని దింపి ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టాను. తెడ్డు ఎలా పట్టుకోవాలో చెప్పబోతే, కాలువ గట్టున పుట్టిన దాన్ని నాకు నేర్పకు అని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డును ఒకవైపే ముంచుతూ పడవను చక్కగా గుండ్రంగా తిప్పింది. నేను వెనుక నుంచి సరిచేస్తూ ఒడ్డు వెంబడి అరమైలు పోయి వచ్చాము. సరిగ్గా పదకొండున్నరకు ఆకులు కదిలాయి, పన్నెండుకు నీటి మీద నురగలు లేచాయి. తెడ్డుగరిటె గారిని ఆ క్షణాన తలుచుకున్నాము.

తప్పులు మా వైపు నుంచి రెండు జరిగాయి. రియాల్టో దగ్గర ఆటు ఉదయం ఆరు గంటల ప్రాంతంలో ఉంటే, పిల్లలను లేపి క్లేలాక్ నుంచి గంటసేపు కారు నడిపి చేరేసరికి తొమ్మిది అయింది. కొండరంధ్రం దాకా వెళ్లకుండా పోటు వస్తున్నప్పుడే వెనక్కు తిరిగాము. రియాల్టోకు దగ్గరున్న మోరా క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక రాత్రి ఉండి ఉంటే ఈ తొందర ఉండేది కాదు, ఈ ఒక్క విషయంలో రెండు బసల సూత్రాన్ని సడలించవచ్చని నాకు అనిపించింది. రెండోది, గుడారం కింద పరిచే పట్టాను గుడారం కంటే పెద్దదిగా పరిచాను. క్లేలాక్‌లో రాత్రంతా పొగమంచు చుక్కలుగా జారి ఆ అంచు మీద పడి, అక్కడి నుంచి మా కిందికి చేరింది. పట్టా అంచు బయటికి రాకుండా గుడారం కిందికే మడిచి ఉండాలని పక్కనున్న పెద్దాయన చూపించాడు.

ఆవకాయ క్షేమం. పోపు ఎక్కడా పెట్టలేదు.

నాచుబండ · ఆగస్టు 18

రకూన్లు కనిపించాయా?

బోథెల్ కొత్తకాపు · ఆగస్టు 19

ఒకటి వచ్చింది. మా బల్ల చుట్టూ తిరిగి, ఏమీ దొరక్క, పక్క గుడారం వాళ్ల రొట్టెల సంచి తీసుకుపోయింది. మరునాడు ఉదయం అమ్మ వాళ్లకు పులిహోర పంపింది. కొని మిగిలిపోయిన కట్టెలు కూడా వాళ్లకే ఇచ్చి వచ్చాము, ఎందుకంటే ఒక చోటి కట్టెలతో పాటు పురుగులు కూడా వేరే చోటికి వస్తాయి కనుక ఇంటికి తేకూడదని అక్కడ రాసి ఉంది.